దేవుడి పటానికి వేసిన గొలుసు

బంగారం శుభ్రం చేసుకోవడానికి కంసాలి గడప ఎక్కనక్కర్లేదు. నాలుగు కుంకుడుకాయలు కొట్టి, గింజలు తీసేసి, గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టి నురుగు తీస్తే చాలు. నగను అందులో కాసేపు ఉంచి, పాత ధోవతి గుడ్డతో మెల్లగా రుద్ది, పళ్ళెంలో మంచినీళ్ళు పోసి కడిగి, నీడన ఆరబెట్టాలి. ఇటుకపొడి పెట్టి తోమితే మురికితోపాటు బంగారమూ అరిగిపోతుంది. రాళ్ళ నగలకు వేడినీళ్ళు తగిలితే లోపలి లక్క కరిగి రాళ్ళు ఊడిపోతాయి. బందరులో మా అమ్మ చేసే పద్ధతి ఇదే. ఇందులో దేవుడూ లేడు, దయ్యమూ లేదు. ఈ చిన్న సంగతి ఒప్పించలేక నేను ఒక ఇంట్లో ఓడిపోయాను.

మా చెల్లెల్ని కోడూరు ఇచ్చాం. సముద్రపు గాలి నేరుగా ఇంట్లోకి కొట్టే ఊరు. అక్కడ తలుపు గొళ్ళేలు కూడా తుప్పు పట్టి చేతికి అంటుకుంటాయి. పెళ్ళిలో అత్తగారు మెళ్ళో వేసిన గొలుసు కొన్ని నెలలకే నల్లబడింది. చెల్లెలి మెడ మీద మసి గీత పడింది. అది చూసి ఆవిడ తేల్చేసింది: పిల్ల ఒంటికి బంగారం పడటం లేదు, ఒంట్లో ఏదో దోషం ఉంది, అది పోయేదాకా పుట్టింట్లో ఉండాలి. మా బావ తల్లి మాటకు ఎదురు చెప్పే మనిషి కాదు. బస్సెక్కించి పంపేశాడు.

అమ్మ ఆ గొలుసును కుంకుడు నురుగులో కడిగింది. తళతళలాడింది. అప్పటికి నేను సంస్కరణ సభల్లో వాదించి చప్పట్లు కొట్టించుకునే కుర్రవాణ్ణి. గొలుసు జేబులో వేసుకుని, అవనిగడ్డలో బస్సు దిగి, బండి కట్టించుకుని కోడూరు వెళ్ళాను.

"ఇందులో కొంత రాగి కలిసి ఉంటుంది అత్తయ్యగారూ. చెమట, ఉప్పుగాలి తగిలితే నల్లబడుతుంది. ఎవరు వేసుకున్నా అంతే" అన్నాను.

"ఎవరు వేసుకున్నా అంటే? నా మెళ్ళో గొలుసు నల్లబడిందా?"

"పోనీ, ఎవరూ వేసుకోవద్దు. ఆ కిటికీ పక్కనున్న దేవుడి పటానికి వేసి ఉంచండి. నల్లబడితే మా చెల్లెల్ని తెచ్చుకోండి."

ఆవిడ ఒప్పుకుంది. కొన్నాళ్ళకు మళ్ళీ వెళ్ళేసరికి పటం మీద గొలుసు కాలిన తాటాకులా నల్లబడి ఉంది.

"ఏమండీ, దేవుడి ఒంట్లోనూ దోషం ఉందా?" అన్నాను. గెలిచాననే అనుకున్నాను.

ఆవిడ తడుముకోలేదు. "ఆ పిల్ల ఒళ్ళు తగిలిన గొలుసు పటానికి వేయించావు. దేవుడికి మైల తగిలింది. ఇప్పుడు ఇంటికి కూడా శాంతి చేయించాలి. నీ చదువు ఇంత పని చేసింది నాయనా."

చెల్లెలి మావగారు అరుగు మీద చుట్ట కాలుస్తూ అంతా విన్నాడు. నన్ను బండి దాకా సాగనంపుతూ గొంతు తగ్గించి అన్నాడు: "రాగి కాస్త ఎక్కువే పడింది బాబూ. నాకు తెలీదా? కానీ దగ్గరుండి చేయించింది మీ అత్తయ్యగారి తమ్ముడు. ఆ మాట ఈ ఇంట్లో అంటే నాకు అన్నం పుట్టదు. తావీదు కట్టిద్దాం, గొడవ వదిలిపోతుంది. పిల్లను పంపించు."

తమ్ముడి పరువు నిలవాలంటే కోడలి ఒళ్ళు చెడ్డది కావాలి. మూఢనమ్మకం అమాయకత్వం నుంచి పుడుతుందని సభల్లో చెబుతూ వచ్చాను. అబద్ధం. చాలాసార్లు అది లెక్క తెలిసిన వాళ్ళే చేసుకునే సదుపాయం.

నేను వద్దన్నాను. చెల్లెలు వినలేదు. "నీ నిజం నువ్వు అట్టే పెట్టుకో అన్నయ్యా. నేను కాపురం చేసుకోవాలి" అంది. శాంతి జరిగింది, జబ్బకు తావీదు కట్టారు, చెల్లెలు వెళ్ళింది.

ఆ ఏడాది వరి కోతలప్పుడు చూడటానికి వెళ్ళాను. అత్తగారు కోడల్ని పిలిచి, మెళ్ళో గొలుసు ఎత్తి, పొరుగింటావిడ ముందే నాకు చూపించింది.

"చూశావా అబ్బాయ్? తావీదు కట్టాక ఎట్లా మెరుస్తోందో. ఇప్పుడేమంటావు?"

చెల్లెలు అప్పుడే తలంటు పోసుకుని వచ్చింది. జుట్టు తడిగా ఉంది. దగ్గరికి రాగానే గొలుసు నుంచి కూడా కుంకుడు వాసన వచ్చింది. తలంటుకున్నప్పుడల్లా మిగిలిన నురుగుతో, దొడ్లో, ఎవరూ చూడకుండా కడుగుతోందన్నమాట. పొరుగింటావిడ ఆ తావీదు ఎవరు కట్టారో అడుగుతోంది. తన కోడలికీ కట్టించాలట.

నిజం నోటిదాకా వచ్చింది. చెల్లెలు నా వైపు చూసింది. ఆ చూపులో బతిమాలడం లేదు, భయం ఉంది.

ఏ సభలోనూ అనని మాట అక్కడ అన్నాను.

"అవునండీ అత్తయ్యగారూ. తావీదు బాగా పనిచేసింది."