నూట పదమూడో పిట్ట

దయ్యాన్ని చూశానని నాతో చెప్పిన ప్రతివాడూ దాన్ని ఒంటరిగానే చూశాడు. అందుకే నేనెప్పుడూ నమ్మలేదు. పిట్టల విషయంలో కూడా నాదీ, ఖాజా భాయ్‌దీ ఇదే నియమం. ఇద్దరం చూడనిది, లేదా ఇద్దరం విననిది నోటుబుక్కులోకి ఎక్కదు.

ఇది తొంభైల మొదట్లో సంగతి. నేను అచ్చంపేటలో జూనియర్ కాలేజీ లెక్చరర్ని, జంతుశాస్త్రం చెప్పేవాణ్ణి. ఖాజా భాయ్ బజార్లో గడియారాలు బాగుచేసేవాడు. ఆదివారం తెల్లవారగానే ఇద్దరం అడవిలోకి నడిచి, కనబడిన పిట్టల పేర్లు రాసుకునేవాళ్లం. నాకు బొమ్మల పుస్తకం ఉంది, అతనికి చెవులున్నాయి. నేను పేజీ తిప్పేలోపు అతను పేరు చెప్పేసేవాడు. మా ఆవిడ ఈ పిచ్చికి పక్షవాతం అని పేరు పెట్టింది. ఆదివారం ఇంటి పనికి నా కాలూ చెయ్యీ ఆడేవి కావు కాబట్టి కాదనలేకపోయాను.

పిట్ట కనబడితే ఒకరిది ఒకరు చూడకుండా చెరొక చీటీ మీద పేరూ, టైమూ రాయాలి. రెండు చీటీలూ కలిస్తేనే నంబరు వేసి ఇద్దరం సంతకం పెట్టేవాళ్లం. టైములో తేడా రాకూడదని బయల్దేరే ముందు ఖాజా భాయ్ మా రెండు వాచీలనూ ఒక్కటి చేసేవాడు. అప్పటికి నూట పన్నెండు పిట్టలయ్యాయి.

కేకలు పెడితే పిట్టలు లేచిపోతాయి. అందుకని అడవిలో ఒకరినొకరం ఈలతో పిలుచుకునేవాళ్లం. రెండు పొడుగు, ఒకటి పొట్టి: అది పిలుపు. కింది నుంచి పైకి లాగిన ఒకే ఒక్క ఈల: అది జవాబు. ఏ పిట్టా అలా కూయదని చూసుకునే పెట్టుకున్నాం.

ఆ ఆదివారం ఏప్రిల్ చివరిది. రెండు రోజుల ముందే దవాఖానాలో ఖాజా భాయ్ ముందు పళ్లు రెండు పీకారు.

"చక్రాల పండ్లు సరిజేసెటోనివి, నీ పండ్లే పాయెనా భాయ్?" అన్నాను.

"గడియారానికైతె కొత్త చక్రం దొర్కుతది సార్. నాకు యాడ దొర్కుతది?" అని రుమాలు అడ్డం పెట్టుకుని నవ్వాడు.

తొమ్మిదింటికి ఒక బండ మీద కూర్చున్నాం. అప్పుడు కనబడింది, వీపు మీద తెల్లటి పట్టీ ఉన్న పెద్ద వడ్రంగిపిట్ట. ఏడాది కిందట నేనొక్కణ్ణే చూసినందుకు నోటుబుక్కులో దానికి చోటు దొరకలేదు. ఈసారీ ఖాజా భాయ్ తలెత్తేలోపు పక్క చెట్టుకు ఎగిరింది. ఎక్కడ వాలిందో చూసి పిలుస్తానని, నీళ్ల సీసా అతని దగ్గరే వదిలి, దాని వెనక పడ్డాను.

పైకి చూస్తూ నడిచేవాడికి దారి కింద ఉంటుందన్న సంగతి గుర్తుండదు. చెట్టు నుంచి చెట్టుకు అది పోయింది, నేను పోయాను. పదకొండింటికి అది లేదు, దారీ లేదు. ఆకు రాలిన అడవిలో ప్రతి గుట్టా ఒకేలా ఉంది. పిట్టలకు పేర్లు చెప్పే మేధావికి తానెక్కడున్నాడో చెప్పడం చేతకాలేదు.

ఈల వేయబోయాను. నాలుక అంగిట్లో అతుక్కుపోయింది, పెదవులు పగిలాయి. గాలి తప్ప ఏమీ రాలేదు. కేక వేద్దామన్నా గొంతు లేవలేదు. కాసేపటికి ఒక చెట్టుకు ఆనుకుని కూర్చున్నాను. చెమట ఆగిపోయింది. అది మంచిది కాదని పిల్లలకు పాఠం చెప్పినవాణ్ణే. అయినా హాయిగా నిద్ర వచ్చింది.

అప్పుడు వినబడింది. రెండు పొడుగు, ఒకటి పొట్టి.

వాచీ చూశాను. పన్నెండూ నలభై. లేచి ఎడమ వైపు పల్లంలోకి నడిచాను. ఎంత నడిచినా ఈల అంతే దూరంలో వినబడుతోంది. ఒకచోట నడక సులువని కుడికి తిరిగితే, వెంటవెంటనే రెండుసార్లు మోగింది. మళ్లీ ఎడమకు తిరిగాను. ఒకటిన్నరకు ఈల ఆగింది. ఎదురుగా ఎండిన వాగులో ఎవరో ఇసుక తవ్వి వదిలిన చెలిమె, దాని అడుగున జానెడు నీళ్లు. బోర్లా పడి తాగాను.

తల ఎత్తేసరికి అవతలి ఒడ్డు నుంచి ఖాజా భాయ్ దిగి వస్తున్నాడు. ముళ్లకు చొక్కా చిరిగింది, కళ్లలో నీళ్లు.

"ఏం మనిషి సార్ మీరు! పిట్ట కోసం పానం ఇడుస్తరా? మేడమ్‌కు నేనేం మొఖం జూపాలె?"

"నువ్వు ఈల ఏస్తనే ఉన్నవ్ గద భాయ్, నేనే నడవలేకపోయిన."

"నేనెక్కడ ఏసిన?" నోరు తెరిచి ఊదాడు. పళ్ల సందులోంచి ఉఫ్‌మని గాలి వచ్చింది. "ఈ సందుల గాలి గూడ నిలుస్తలేదు. ఏసింది మీరు. మీ జవాబు ఈల పట్టుకొనే వచ్చిన నేను."

నేను పెదవులు కలిపి ఊదాను. నీళ్లు తాగాక కూడా గాలే.

"నేనైతె పిలువలే. మరి మీరు ఎవలికి జవాబిచ్చుకుంట వచ్చిండ్రు సార్?"

ఇద్దరం చెరొక చీటీ తీసి రాశాం. నాది: పిలుపు ఈల, పన్నెండూ నలభై నుంచి ఒకటిన్నర దాకా. జవాబు వినలేదు. అతనిది: జవాబు ఈల, పన్నెండూ నలభై నుంచి ఒకటిన్నర దాకా. పిలుపు వినలేదు.

ఏట్రింత జాతిలో తోకకు రెండు పొడుగాటి ఈకలు వేలాడే నల్లపిట్ట ఒకటుంది. విన్న కూతనల్లా అనుకరిస్తుంది. రెండేళ్లుగా వింటున్న మా ఈలలు అది నేర్చి ఉండవచ్చు. తరగతిలో అయితే ఇంతటితో ముగించేవాణ్ణి. కానీ నాకు పిలుపూ, అతనికి జవాబూ పంచిపెట్టి, నీళ్ల దగ్గర ఇద్దరినీ కలపడం ఏ పిట్టకు వచ్చు? నాకు తెలియదు. ఇప్పటికీ తెలియదు.

"చీటీలు కలువలే. రాయొద్దు," అన్నాడు ఖాజా భాయ్. "నంబర్ మాత్రం ఏద్దాం సార్" అని తనే నోటుబుక్కు అందుకున్నాడు. నూట పదమూడు. పేరు ఉండాల్సిన చోట ఖాళీ. కింద రెండు సంతకాలు.

తర్వాత అతను పెట్టుడు పళ్లు కట్టించుకున్నాడు. అయినా ఆ ఈల అతనూ వేయలేదు, నేనూ వేయలేదు. అడవిలో కేకేసే పిలుచుకుంటాం. పిట్టలు లేచిపోతాయి. పోనీ.

కానీ "భాయ్" అని నేను కేక వేశాక అతను వెంటనే పలకడు. ఒక్క క్షణం ఆగుతాడు. నేనూ ఆగుతాను. ముందు ఇంకెవరైనా పలుకుతారేమోనని.