కాజా మడతలో చీజ్

కిందటి మాఘమాసంలో ఒక మంగళవారం, సాయంత్రం ఆరు గంటల ముప్పై అయిదు నిమిషాలు. మా మనవరాళ్ళిద్దరూ ట్యూషన్ నుంచి వచ్చి బ్యాగులు సోఫా మీద పడేశారు. ఆ నిమిషం నుంచి అరగంటలో, నూనె కడాయి ముట్టకుండా, ఎవరి సాయమూ లేకుండా, వాళ్ళు కిక్కురుమనకుండా తినేది ఒకటి నేను చేసి పెట్టాలి. పెడితే మా కోడలు కొత్త ఉద్యోగం ఒప్పుకుంటుంది. లేకపోతే మర్నాడు పొద్దున్న వద్దని చెప్పేస్తుంది. ఆ పందెం కట్టింది నేనే.

కోడలు ఒక ప్రైవేటు ఆసుపత్రి ల్యాబులో రక్తపరీక్షలు చేస్తుంది. పదకొండేళ్ళుగా పొద్దుటి డ్యూటీ. ఇప్పుడు రెండో డ్యూటీకి ఇన్‌చార్జిగా ఉండమన్నారు. మధ్యాహ్నం పన్నెండింటికి వెళ్ళి రాత్రి ఎనిమిదింటికి దిగాలి. బుధవారంలోగా ఏ సంగతో చెప్పమన్నారు. ఆ కబురు మాకు చెప్పినప్పుడు నేను ఆమె ముఖం చూశాను. పెళ్ళినాడు కూడా అంత సంబరం లేదు. చెప్పిన మరుక్షణం తనే ఆ సంబరాన్ని మడిచి పక్కన పెట్టేసింది.

“శామ్‌కి పిల్లలకి ఖానా ఎవరు పెడతారు అత్తమ్మా? రహనే దో. నేను వద్దనేస్తాను” అంది. ఈ ఉక్కు ప్లాంటు ఊరు భిలాయిలోనే పుట్టిన పిల్ల, ఆమె తెలుగులో హిందీ కలిసే ఉంటుంది.

మా అబ్బాయి రైలు పట్టాలు చేసే మిల్లులో ఆపరేటరు. వారానికో షిఫ్టు. ఒక వారం మధ్యాహ్నానికే ఇంట్లో ఉంటాడు, ఇంకో వారం సాయంత్రం కనపడడు. ఉన్న వారంలో కూడా వాడికి టీ తప్ప ఏదీ పెట్టడం రాదు. అది వాడి తప్పు కాదు, నా తప్పు. నేను నేర్పలేదు. ఇక నా సంగతంటే, అంతకు ముందు ఏడాది పకోడీలు వేస్తుంటే కడాయి జారి ముంజేయి కాలింది. అప్పటినుంచి నూనె కడాయి దగ్గరకి వెళ్ళకూడదని వాడు ఆజ్ఞ పెట్టాడు. ఉప్మా చెయ్యవచ్చు, చపాతీ చెయ్యవచ్చు. కాని సాయంత్రం ఆ టైముకి ఉప్మా గిన్నె చూస్తే మా మనవరాళ్ళు మందు తాగమన్నట్టు ముఖం పెడతారు. పెద్దదానికి పన్నెండు, చిన్నదానికి ఏడు.

శనివారం కోడలు వచ్చేటప్పుడు బేకరీ నుంచి చీజ్ పఫ్‌లు తెచ్చింది. నా వంతుది నేను తినలేదు. ప్లేటులో పెట్టుకుని గోరుతో ఒక్కో పొర విప్పాను.

“నానమ్మ పఫ్‌కి ఆపరేషన్ కర్ రహీ హై!” అని చిన్నది చప్పట్లు కొట్టింది.

నేను పొరలు లెక్కపెట్టుకుంటున్నాను. మైదా, కొవ్వు, మడత. మళ్ళీ మైదా, కొవ్వు, మడత. ఇది మన మడత కాజాయే. పాకం లేదు, లోపల చీజ్ ఉంది, అంతే తేడా. మేము ప్లాంటు క్వార్టర్లో ఉన్న రోజుల్లో సెక్టారులో ఏ ఆంధ్రా ఇంట ఆడపిల్లకి సారె పెట్టాలన్నా కాజాలకి నన్నే పిలిచేవారు. శ్రీకాకుళం నుంచి తెప్పించినవి కూడా నా కాజా ముందు మెత్తబడేవి. ఇది గొప్పకి చెప్పడం లేదు, తిన్నవాళ్ళు ఇంకా బతికే ఉన్నారు, అడగవచ్చు.

“ఉద్యోగానికి వద్దనకు. మంగళవారం దాకా ఆగు” అన్నాను కోడలితో. కడాయి లేకుండా అరగంటలో చేసి చూపిస్తానన్నాను. మా ఇంట్లో ఒక కరెంటు ఓవెన్ ఉంది. ఎవరో బహుమతిగా ఇచ్చారు. నాలుగేళ్ళుగా అందులో వాడని గిన్నెలు దాచుకుంటున్నాం.

ఆదివారం గిన్నెలు తీసేసి మొదలుపెట్టాను. ఆ రోజే మా వియ్యపురాలు ఊళ్ళోనే ఉన్న క్యాంప్ 2 పేట నుంచి కూతుర్ని చూడడానికి వచ్చింది. కూతురు ఈ ఉద్యోగం తీసుకోకూడదని ఆవిడ పట్టు. ఎందుకో దాచుకోలేదు.

“ఈ వయసులో మిమ్మల్ని పొయ్యికాడ నిలబెట్టి నా కూతురు డ్యూటీకి పోతే నలుగురూ ఏటంటారు వదినా?”

“ఆ నలుగురికీ కూడా తలో పఫ్ పెడతాను. నోరు నిండుతుంది, మాట రాదు” అన్నాను.

ఆ మాట అనేసినంత తేలిగ్గా పఫ్ రాలేదు. ఓవెన్ తలుపు తీస్తే చీజ్ అంతా బయటికి కారి ట్రే మీద నల్లగా మాడిపోయింది. పొరలు లేవనే లేదు. చెక్కముక్కల్లా ఉన్నాయి. వియ్యపురాలు ఒకటి చేతిలోకి తీసుకుని బల్ల మీద కొట్టి చూసింది. టక్ మంది.

“అన్నయ్యగారు కోక్ ఓవెన్‌లో పనిచేసేరని మీరూ అదే పెట్టేరేటి వదినా?” అంది.

ప్లాంటులో బొగ్గు కాల్చే ఆ కొలిమి దగ్గర పనిచేసిన మా ఆయన బతికుంటే తనూ నవ్వేవారు. నాకు నవ్వు రాలేదు. ఎందుకంటే కోడలు నవ్వలేదు. మాడిన ట్రే తీసుకుని, నానబెట్టి, తోముతూ నిలబడింది. ఆమె మనసులో వద్దనే మాట గట్టిపడుతోందని వీపు చూస్తేనే తెలిసింది.

సోమవారం అందరూ వెళ్ళాక ఆ మాడిన ముక్కల్లో ఒకటి కిటికీ దగ్గర వెలుతురులో పెట్టి చూశాను. దాని వీపు మీద అప్పడాల కర్ర అచ్చు ఉంది. అప్పుడు అర్థమైంది. కాజాకి ముక్క కోశాక మీద కర్రతో ఒక ఒత్తు ఒత్తాలి. ఒత్తితేనే ముక్క పరుచుకుని నూనెలో మడత విచ్చుకుంటుంది. ముప్పై ఏళ్ళు ఒత్తిన చెయ్యి. లోపల చీజ్ పెట్టి మూసిన ముక్కని కూడా అడక్కుండానే ఒత్తేసింది. మూసిన అంచు పగిలింది, పొరలు ఒకదానికొకటి అతుక్కుపోయాయి. ఓవెన్‌ది తప్పు కాదు, పిండిది కాదు. నా చేతికి వచ్చిన పనే నన్ను దెబ్బతీసింది.

ఇంకొకటి కూడా ఉంది. కాజాకి మడతల మధ్య రాసే నెయ్యీ బియ్యప్పిండీ ముద్ద మెత్తగా ఉన్నా ఫరవాలేదు. దీనికి గడ్డ కట్టి ఉండాలి. వేడి తగలగానే అది ఒక్కసారిగా కరిగితేనే పొర లేస్తుంది. కాబట్టి సోమవారం పిండి కలిపి, ముద్ద రాసి, మడిచి, ఫ్రిజ్‌లో పెట్టాను. గంటకోసారి తీసి, ఒత్తి, మళ్ళీ మడిచి, మళ్ళీ లోపల పెట్టాను. ఇలా మూడుసార్లు. పెద్ద పనంతా ఇదే. ఇది ఒకరోజు చేసుకుంటే వారమంతా సాయంత్రాలకి కోసుకోవడమే మిగులుతుంది.

తరవాత ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో ‘కోశాక ఒత్తకు’ అని రాసి ఓవెన్ పైన గోడకి అంటించాను. నేను అక్షరాలు నేర్చుకున్నది యాభై ఆరేళ్ళకి. మా ఆయన రిటైరు కాగితాల మీద నన్ను వేలిముద్ర వెయ్యమన్నారు, వెయ్యనన్నాను, మూడు నెలల్లో నేర్చుకుని సంతకం పెట్టాను. కోడలు హిందీ మీడియం, తెలుగు చదవలేదు. సాయంత్రం వచ్చి ఆ కాగితం చూసి, “క్యా లిఖా హై?” అని పెద్దదాన్ని అడిగింది. పెద్దది గడగడా చదివింది. దానికి అక్షరాలు నేర్పింది నేనే.

ఇక మంగళవారం. బ్యాగులు సోఫా మీద పడగానే మా అబ్బాయి ఫోనులో టైము పెట్టాడు. ఆ వారం వాడిది పొద్దుటి షిఫ్టు, అందుకే ఇంట్లో ఉన్నాడు. కోడలు సెలవు పెట్టలేదు, డ్యూటీ దిగి వచ్చి ఆరింటి నుంచే వంటింటి గుమ్మం పక్కన కుర్చీలో కూర్చుంది. వియ్యపురాలు చూసిపోదామని మళ్ళీ వచ్చింది. నేను ఓడిపోతే చూడడానికని అందరికీ తెలుసు.

ఓవెన్ ముందే వేడెక్కి ఉంది. ఫ్రిజ్ నుంచి పిండి తీసి పరిచాను, చతురస్రాలుగా కోశాను. తురిమిన చీజ్‌లో పచ్చిమిర్చి, ఉల్లికాడ, కాస్త వాము. ఉప్పు వెయ్యలేదు, చీజ్‌లో ఉంది. చెంచాడు పెట్టి త్రికోణంగా మూసి, అంచు మాత్రం ఫోర్కుతో నొక్కాను. చెయ్యి అలవాటుగా అప్పడాల కర్ర వైపు వెళ్ళింది.

“నానమ్మా! ఒత్తకు!” అని పెద్దది అరిచింది.

కర్ర తీసి డబ్బా వెనక పడేశాను. పాలు రాసి, నువ్వులు జల్లి, ట్రే లోపల పెట్టాను. ఏడు నిమిషాలు అయ్యాయి.

“ఇంకా ఇరవై మూడు మినిట్ ఉందమ్మా” అన్నాడు అబ్బాయి.

“నీ మిల్లులో కూడా ఇలాగే లెక్కపెడతావా, లేక ఇక్కడేనా?” అన్నాను. మళ్ళీ ఫోను వైపు తిరిగాడు.

ట్రే లోపల పెట్టిన పన్నెండో నిమిషానికి గాజు తలుపులోంచి పొరలు లేవడం కనిపించింది. చిన్నది నేల మీద కూర్చుని సినిమా చూసినట్టు చూస్తోంది. చీజ్ ఎక్కడా కారలేదు. ఇరవయ్యో నిమిషానికి ఓవెన్ గంట మోగింది. గుడ్డలు తీసుకుని తలుపు తెరిచాను. వేడి ముఖానికి కొట్టింది. కోడలు కుర్చీలోంచి లేచిపోయింది.

“అత్తమ్మా, హాథ్ కాలుతుంది, నేను తీస్తాను.”

ఆమె లేచి ట్రే ముట్టుకుంటే పందెం పోయినట్టే. ఎవరి సాయమూ వద్దన్నది నేనే. నేను ఏదైనా అనేలోపు వియ్యపురాలు కూతురి చెయ్యి పట్టుకుని కిందికి లాగింది.

“కూకోయే. ఆవిడ తీస్తాది. రేపట్నుంచీ నువ్వుంటావా తియ్యడానికి?”

ఉద్యోగం వద్దని పట్టుబట్టిన ఆవిడే ఆ మాట అంది. కోడలు అమ్మ ముఖం చూసింది. ఆవిడ మాత్రం నా ట్రే వైపే చూస్తోంది. నేను రెండు చేతులతో ట్రే తీసి బల్ల మీద పెట్టాను. చెయ్యి కాలలేదు. బంగారు రంగు పఫ్‌లు పన్నెండు. ఇంకా మూడు నిమిషాలు మిగిలే ఉన్నాయి.

చిన్నది ఊదుకుంటూ కొరికింది. పొరలు గౌను నిండా రాలాయి. “ఏక్ ఔర్” అంది, మొదటిది ఇంకా నోట్లో ఉండగానే. పెద్దది రెండోది తీసుకుంది. వియ్యపురాలు ఒకటి తీసుకుని, ఆదివారంలా బల్ల మీద కొట్టబోయి, మానేసి తింది.

“కారం సాల్లేదు వదినా” అంది. ఇంకోటి తీసుకుంది.

కోడలు తన పఫ్ ముట్టుకోలేదు. ఫోను తీసుకుని బాల్కనీలోకి వెళ్ళింది. తలుపు వెయ్యలేదు, మాకందరికీ వినపడింది. “హాఁ సర్, మై కరూంగీ. సోమవారం నుంచి... సారీ సర్, మండే సే.” తొందరలో రెండు భాషలూ కలిసిపోయాయి. లోపలికి వచ్చి, చల్లారిన పఫ్ నిలబడే తింది. కళ్ళు తుడుచుకోవడానికి చేతులు ఖాళీగా లేవు.

అప్పటినుంచి మా ఇంట్లో ఆరున్నరకి పొయ్యి దగ్గర నేనే. వారానికి మూడు రోజులు పఫ్‌లు. నన్ను కూర్చోబెట్టి తిండి పెట్టే వయసు అంటారు అందరూ. వాళ్ళకి నచ్చినట్టు అనుకోనీ. నా కోడలు ఇన్‌చార్జి, ఆ ల్యాబులో ఆమె సంతకం లేకుండా రిపోర్టు బయటికి పోదు.

ఇది ఎవరైనా నమ్మకపోతే అడగవచ్చు. ఆ మంగళవారం సాయంత్రం భిలాయి వైశాలి నగర్‌లో మా ఇంట్లో ఉన్నవాళ్ళు వీళ్ళు: ఫోనులో టైము చూసిన మా అబ్బాయి, ఒత్తకు అని అరిచిన పెద్ద మనవరాలు, నాలుగు పఫ్‌లు తిన్న చిన్న మనవరాలు, కూతుర్ని కూర్చోబెట్టిన మా వియ్యపురాలు, సరేనని చెప్పిన మా కోడలు, నేను.