చీపురుకర్ర తొక్కిన బ్రేకు

కరోనా రోజుల్లో జర్మనీలోని ఆకెన్‌లో మా యూనివర్సిటీ వర్క్‌షాపుకి టెర్మిన్, అంటే అపాయింట్‌మెంట్, తీసుకుని ఒక్కొక్కరమే వెళ్లాలి. మేం స్టూడెంట్లం కట్టిన రేసుకారు బ్రేకులు చూసే పని నాది. పెడల్ తొక్కితే ముందు చక్రాలు కాస్త ముందుగా పట్టాలి. వెనకవి ముందు పట్టాయంటే కారు గిర్రున తిరిగిపోతుంది. అది చూడాలంటే కారుని స్టాండు మీదికెత్తి ఒకరు తొక్కాలి, ఇంకొకరు చేత్తో చక్రం తిప్పి చూడాలి. ఆ రూలు రాసినవాడికి నాలుగు చేతులున్నాయేమో!

సీటుకీ పెడల్‌కీ మధ్య చీపురుకర్ర బిగించాను. ముందు చక్రం కదల్లేదు. లేచి వెనక్కి వెళ్తే, వెనకది తేలిగ్గా తిరిగింది. వెనక బ్రేకుకి బలం చాలడం లేదనుకుని, బలాన్ని పంచే స్క్రూను అటువైపు తిప్పాను. మూడు వారాలు, దొరికిన ప్రతి టెర్మిన్‌లోనూ ఇంకాస్త తిప్పాను.

రూలు సడలాక నా గుంటూరు రూమ్మేట్ తోడొచ్చి, పెడల్ మీద మెల్లగా కాలేశాడు. వెనక చక్రం బిగుసుకుపోయింది. ముందుది ఇంకా తిరుగుతూనే ఉంది.

“దీన్నెవడ్రా ఇట్టా చెడగొట్టింది?” అన్నాడు.

అప్పుడు వెలిగింది. నేను వెనక్కి నడిచేలోపు ప్రతిసారీ కర్ర జారి వదులయ్యేది. కారుకి మొదట్లో ఏ లోపమూ లేదు. మూడు వారాలు ఒంటరిగా కూర్చుని, ఆ లోపాన్ని నేనే తయారుచేశాను.

“ఏమోరా” అన్నాను, మాస్కులోంచి.