మూడో రౌండు జోస్యం

ఫోన్లలో నెట్టు చౌకగా దొరకడం మొదలైన ఆ రోజుల్లో మా బాగేపల్లిలో పని ఉన్నవాళ్ళూ లేనివాళ్ళూ అందరూ నిపుణులైపోయారు. టీ అంగట్లో కూర్చుంటే టమోటా ధర ఎప్పుడు లేస్తుందో చెప్పేవాడొకడు, వాన ఏ వారం పడుతుందో చెప్పేవాడొకడు, ఎలక్షన్లో ఎవరు గెలుస్తారో నిలబడినవాడికంటే ముందే తెలిసినవాడు ఇంకొకడు. నేనొక్కణ్ణే దేంట్లోనూ నిపుణుణ్ణి కాకుండా మిగిలిపోవడం నాకు అవమానంగా తోచింది. అందుకని వెతికి వెతికి ఎవరూ చెయ్యి పెట్టని శాఖ ఒకటి పట్టాను. గుద్దడం, తన్నడం, కింద పడేసి మెడ బిగించడం, అన్నీ చెల్లుబాటయ్యే ఆట ఒకటుంది. ఇనుప వలతో కట్టిన పంజరంలో ఇద్దర్ని వదిలి తలుపేస్తారు. ఇంగ్లీషులో మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్ అంటారు, మా అవ్వ మాత్రం నా ఫోన్లో ఒకసారి చూసి, "వీళ్ళకి ఇండ్లల్లో చెప్పేవాళ్ళు లేరా?" అంది. ఆ ఆటలో టైటిల్ పోటీలు జరిగే ముందురోజు, ఎవరు గెలుస్తారు, ఎన్నో రౌండ్లో గెలుస్తారు, ఎట్లా గెలుస్తారు అని తెలుగులో జోస్యం చెప్పే ఛానెల్ ఒకటి మొదలుపెట్టాను.

నా అర్హతలు కూడా చెప్పాలి గదా. అప్పుడు నా బరువు నలభై తొమ్మిది కిలోలు (చెప్పులతో). జీవితంలో ఒకే ఒక్క కొట్లాటలో పాల్గొన్నాను, ఎనిమిదో తరగతిలో, బెంచీ కోసం. అందులో నా చొక్కా చిరిగింది. ఆ కొట్లాటకు స్కూల్లో ఒకసారి, చొక్కాకు ఇంట్లో ఒకసారి దెబ్బలు తిన్నాను. అవతలివాడికి నేనేం చేశానో ఇప్పటికీ గుర్తు రావడం లేదు, ఏమీ చేసి ఉండను. ఉద్యోగమేమో తాలూకా కచేరి ఎదురుగా ఉన్న జెరాక్స్ అంగట్లో. పొలాల పహణీలు ప్రింటు తీయడం, అర్జీలు టైపు చేయడం, ఆధార్ కార్డులకు లామినేషన్ వేయడం. మధ్యాహ్నం ఓనరు భోజనానికి పోగానే ఫోన్ని స్టాంపు ప్యాడు డబ్బాకు ఆనించి, అమెరికాలోనూ బ్రెజిల్లోనూ ఉన్న వస్తాదుల తలరాత నేను రాసేవాణ్ణి. ఇద్దరి ఫోటోలూ ప్రింటు తీసి, అంగడి స్కేలుతో చేతుల పొడవు కొలిచి, "ఇతనికి చేతి పొడవులో స్పష్టమైన ఆధిక్యం ఉంది" అని ప్రకటించేవాణ్ణి. ఒకడి ఫోటో దగ్గర్నుంచి తీసింది, ఇంకొకడిది దూరం నుంచి తీసింది అన్న సంగతి నాకు తట్టేది కాదు.

ఈ విద్యలో ఉన్న కిటుకులు కూడా త్వరగానే పట్టుబడ్డాయి. "గెలవచ్చు, అయితే అవతలివాణ్ణి తక్కువ అంచనా వేయలేం" అంటే ఎవరు గెలిచినా మనం చెప్పినట్టే. జోస్యం నిజమైతే "నేను చెప్పానా?" అనాలి, తప్పయితే "మనం అనుకున్నట్టు జరగలేదు" అని చూసేవాళ్ళందర్నీ ఆ తప్పులో భాగస్థుల్ని చేయాలి. తెలియని విషయాన్ని నెమ్మదిగా, గొంతు తగ్గించి చెప్తే తెలిసినట్టే వినబడుతుంది. (ఈ కిటుకులతోనే పెద్ద పెద్ద టీవీల్లో కూర్చుని సంసారాలు ఈడుస్తున్నవాళ్ళు ఉన్నారని తర్వాత తెలిసింది. నేను ఊరికే సిగ్గుపడ్డాను.)

ఇట్లా తప్పుల మీద తప్పులు చెప్పుకుంటూ సుఖంగా బతుకుతుండగా ఒకసారి ఖర్మ కాలి నిజమైంది. ఒక హెవీ వెయిట్ టైటిల్ పోటీకి వీడియో తీస్తున్నాను. "రెండో రౌండ్లో" అనబోతున్నాను. సరిగ్గా అప్పుడు మిట్టేమరి నుంచి వచ్చిన రైతు ఒకాయన కౌంటరు ముందు నిలబడి, నాకు అడ్డం రాకూడదన్న మర్యాదతో నోరు తెరవకుండా, పహణి చూపించి నాలుగు వేళ్ళు ఎత్తాడు. నాలుగు కాపీలు కావాలని. నా నోట "నాలుగో రౌండ్లో, నాకౌట్" అని వచ్చేసింది. మళ్ళీ తీయడానికి బద్ధకమై అట్లాగే పెట్టేశాను. ఆదివారం పొద్దున పోటీ జరిగింది. నాలుగో రౌండు, నాకౌట్. ఆ వీడియోను ఎక్కువమంది చూడలేదు గానీ, చూడకూడని ఒక్కడు చూశాడు, మా బావ.

మా బావ అంటే మిట్టేమరిలో ఉండే మా మేనత్త కొడుకు. పూటకు మూడు రాగి ముద్దలు లెక్క తప్పకుండా మింగేవాడు గనక ఊరంతా ముద్దబావ అనేవాళ్ళు. ఆరేళ్ళుగా చిక్కబళ్ళాపురంలో టైర్ల అంగడి మీద ఉన్న జిమ్ములో ఇదే ఆట నేర్చుకుంటున్నాడు. గట్టి మనిషి, మీద పడ్డాడంటే అవతలివాడు లేవడం కష్టం. ఒకటే లోపం, దమ్ము లేదు. రెండు నిమిషాలు దాటితే మిట్ట ఎక్కిన పాత ట్రాక్టరులాగా రొప్పేవాడు. ఆ సంగతి వాళ్ళ మాస్టరుకు తెలుసు, నాకు తెలుసు, మా అత్తకు కూడా తెలుసు. మా బావకు మాత్రం తను ఛాంపియనని తెలుసు. నాలుగో రౌండు నిజమైన మర్నాడే బస్సెక్కి అంగడికి వచ్చేశాడు.

"రేయ్, నీ నోట్లో ఏమో ఉండాది రా. అంత కరెక్టుగా ఎట్ల చెప్పినావు?"

నాలుగు వేళ్ళ రైతు గురించి చెప్పి ఉండాల్సింది. "అనుభవం బావా" అన్నాను.

ఆ ఏడాదే చిక్కబళ్ళాపురంలో ఒక కల్యాణ మంటపంలో జిల్లా స్థాయి పోటీలు పెట్టారు. చివరి పోటీ ఛాంపియన్ బెల్టు కోసం, మూడు రౌండ్లు, మా బావకీ, చింతామణి కాలేజీలో చదివే ఒక సన్నటి పొడుగు కుర్రాడికీ. వాణ్ణి పెన్సిల్ అనేవాళ్ళు. ఆ పోటీ మా బావకు ఆఖరి అవకాశం. ఎందుకంటే పట్టుపురుగులు పెంచే మా మామ, అంతవరకు పల్లెత్తు మాట అనని మనిషి, ఒకరోజు అన్నం ముందు కూర్చుని తేల్చేశాడు. "ఆరేండ్లు జిమ్మంటివి, ఆటంటివి. నేనేమన్నా అడ్డమొచ్చినానా? ఈ ఒక్కసారికి సరే. బెల్టు తెస్తివా, బాగేపల్లిలో నీ సొంత జిమ్ముకు నేనే నిలబడి పందిరేయిస్తా. తేకపోతివా, నోరు మూసుకోని షెడ్డులోకొచ్చి ఆకు కొయ్యి." బావ సరేనన్నాడు.

పోటీలు పెడుతున్నాయన అసలు వృత్తి షామియానాలు అద్దెకివ్వడం. ఆయన నాకు ఫోన్ చేసి, "ఏమప్పా, యాడాడో దేశాలోళ్ళ గురించి చెప్తావు, మన పోటీల గురించి గూడా ఒక వీడియో చెయ్యి. ముందు వరసలో కుర్చీ వేయిస్తా" అన్నాడు. కుర్చీతోపాటు మెడలో వేలాడే కార్డు కూడా ఇస్తానన్నాడు. దాని మీద 'విశ్లేషకులు' అని ఉంటుందట. అంతే, నా బుద్ధి గడ్డి తిన్నది.

నిజం చెప్పాలంటే నాకు తెలిసిన జోస్యం ఒక్క వాక్యమే: బావ మొదటి రెండు నిమిషాల్లో గెలవాలి, లేకపోతే ఓడిపోతాడు. కానీ ఆ వాక్యంతో వీడియో అర నిమిషంలో అయిపోతుంది. ముందు వరస కుర్చీలో కూర్చోబోయే విశ్లేషకుడు అర నిమిషం మాట్లాడితే ఏం మర్యాద? పైగా 'లేకపోతే ఓడిపోతాడు' అంటే అత్త ఇంటికి మళ్ళీ పోగలనా? అందుకని సాగదీశాను. మొదటి రౌండు ఒకర్నొకరు కొలుచుకుంటారన్నాను. రెండో రౌండ్లో పెన్సిల్ అలసిపోతాడన్నాను (వాడు రోజూ కైవార కొండెక్కి దిగేవాడు). "మూడో రౌండు, రెండో నిమిషం, మెడ పట్టు. బెల్టు మిట్టేమరికే" అని గొంతు తగ్గించి ముగించాను. వీడియో తొమ్మిది నిమిషాలు వచ్చింది. నాకు చాలా తృప్తి కలిగింది.

పోటీ రోజు మధ్యాహ్నం మంటపానికి పోయాను. ముందురోజే అక్కడ పెళ్ళి జరిగినట్టుంది. అరటి పిలకలు ఇంకా స్తంభాలకే ఉన్నాయి, వధూవరులు కూర్చునే సింహాసనాల మీద జడ్జీలు కూర్చున్నారు. వస్తాదుల్ని మండీ నుంచి తెచ్చిన మూటల కాటా మీద తూచారు. పంజరం పక్కన మాస్టరు బావ రెండు భుజాలూ పట్టుకుని చెప్తున్నాడు: "గంట కొట్టంగానే పైన పడిపో. ఆలోచన వద్దు. నీకుండే దమ్ము రెండు నిమిషాలే." బావ బుద్ధిగా తలూపాడు. మాస్టరు అటు తిరగ్గానే నా వైపు చూసి, ఎవరికీ కనబడకుండా మూడు వేళ్ళు చూపించి కన్ను కొట్టాడు.

లేచి వెళ్ళి, "బావా, ఆ వీడియో వదిలెయ్, మాస్టరు చెప్పింది చెయ్" అని ఒక్క మాట చెప్పడానికి నాకు పది అడుగుల దూరం. కానీ చుట్టూ జనం, మెడలో విశ్లేషకుల కార్డు, పక్క కుర్చీలో షామియానాయన "శానా బాగా చెప్పినావప్పా" అంటున్నాడు. నేను లేవలేదు. ఈ మొత్తం కథలో నవ్వు రాని చోటు ఇదొక్కటే.

గంట కొట్టారు. బావ పైన పడలేదు. పంజరం చుట్టూ నింపాదిగా తిరగడం మొదలుపెట్టాడు, సంతలో వస్తువులు చూసుకుంటూ పోయేవాడిలాగా. పెన్సిల్ తన్నాడు, బావ ఓర్చుకున్నాడు. మాస్టరు వల పట్టుకుని "పోరా! పైకి పోరా!" అని గొంతు చించుకుంటున్నాడు. జనం ఈలలు వేశారు. "ఏమప్పా, కొట్లాటకొచ్చినావా, పెండ్లి భోజనానికొచ్చినావా?" అని వెనక నుంచి ఎవరో అరిచారు. మొదటి రౌండు అయ్యాక బావ స్టూలు మీద కూర్చుని మాస్టరు తిట్లన్నీ విని, నా వైపు తిరిగి ధైర్యం చెప్తున్నట్టు నవ్వాడు. "ఇంకొకటే" అన్నట్టు వేలు చూపించాడు. రెండో రౌండు మొదలైన కాసేపటికే పెన్సిల్ కాలు ఎక్కడి నుంచి లేచిందో లేచింది, బావ దవడ కింద తగిలింది. అంత మనిషీ నిలబడ్డ చోటే కూలిపోయాడు.

డాక్టరు, మాస్టరు, నేను, అందరం లోపలికి పరిగెత్తాం. కాసేపటికి బావ కళ్ళు తెరిచాడు. పైనున్న పెళ్ళి తోరణాల వైపు చూసి, తర్వాత నన్ను గుర్తుపట్టి అడిగాడు: "రేయ్, మూడోది మొదలయిందా?"

రానంటే రానన్న మా మామ అప్పటిదాకా ఎక్కడ కూర్చున్నాడో, పంజరం దగ్గరికి వచ్చాడు. మెట్ల దగ్గర విడిచిన కొడుకు చెప్పులు రెండూ చేత్తో తీసుకుని, వాడు దిగేదాకా పట్టుకుని నిలబడ్డాడు. పట్టుగూళ్ళు మార్కెట్టుకు తోలే టెంపోలోనే ఇంటికి బయల్దేరాం. వెనక బావా నేనూ. దారిలో పేరేసంద్ర దాటాక బావ దవడ పట్టుకుని మెల్లగా అన్నాడు: "నీ మాట నిలబెట్టలేకపోతిని రా. రెండోదాంట్లో ఇంకొంచెం జాగ్రత్తగా ఉండింటే మూడోది వచ్చేసి ఉండేది." అప్పుడైనా చెప్పాల్సింది. "పర్వాలేదు లే బావా" అన్నాను, క్షమించినవాడిలాగా! ఇంటికి పోయి చేసిన మొదటి పని ఆ వీడియో తీసేయడం. కొన్నాళ్ళకు ఛానెల్ కూడా మూసేశాను. ఎవరూ ఎందుకని అడగలేదు.

ఇప్పుడు నాకు చింతామణిలో సొంత జెరాక్స్ అంగడి ఉంది, బరువు డెబ్బై దాటింది. మామ మాట ప్రకారం బావ షెడ్డులోకి వచ్చేశాడు. ఆకు కోసే చేతులు ఇంకా వస్తాదు చేతులే. పోయిన నెల ఒక ఆదివారం పొద్దున మిట్టేమరి పోయాను. బావ పురుగులకు మల్బరీ ఆకు పరుస్తున్నాడు, షెడ్డు నిండా అవి మేస్తున్న చప్పుడు. నా ఫోన్లో ఏదో టైటిల్ పోటీ మొదలవుతోంది. ఏమనిపించిందో, ఇన్నేళ్ళ తర్వాత నోరు తెరిచాను.

"బావా, ఆ మూడో రౌండు నేను ఊరికే చెప్పినా. వీడియో పెద్దదిగా రావాలని."

బావ ఆకు పరచడం ఆపలేదు. "తెలుసు లేరా. ఆ వారమే మాస్టరు చెప్పినాడు, వాడొట్టి జెరాక్సోడు, వాని మాట ఇనొద్దని."

"మరి నా మాట యాల ఇంటివి?"

"మా నాయన ఒక రౌండు గూడా నిలబడవన్నాడు. మాస్టరు రెండు నిమిషాలన్నాడు. మా అమ్మ పోనే వద్దనె. నాకు మూడు రౌండ్లు ఇచ్చినోడివి నువ్వొక్కడివే గదరా."

బావ చేతులు దులుపుకుని వచ్చి పక్కన కూర్చుని, ఫోన్లోకి తొంగిచూస్తూ, "సరే చెప్పు, ఎవరు గెలుస్తారు?" అన్నాడు.

"తెలీదు బావా" అన్నాను. ఆ ఒక్క మాట నేర్చుకోవడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది. అయితే నోటితో అట్లా అన్నాను గానీ, చూస్తూ చూస్తూ మనసులో మాత్రం మూడో రౌండనే అనుకున్నాను. పోటీ మొదటి రౌండు సగం కాకముందే అయిపోయింది. నేననుకున్నది బావకు చెప్పలేదు.