ట్రియెస్టేకు ఓటు, అత్తయ్యకు వాయిదా

సముద్రాల అవతలి మనుషుల హక్కుల కోసం గొంతు చించుకునే మీరు, మీ ఇంట్లో పక్క గదిలో ఉన్న మనిషిని ఎప్పుడైనా ఏమైనా అడిగారా? మొన్న పెడనలో ఒక సభకు వెళ్లాను. మగవాళ్లు ప్రపంచశాంతి గురించి దంచేశారు, ఆడవాళ్లు టీ కప్పులు అందించారు. నాకు ఒళ్లు మండింది. నామీద కూడా.

పందొమ్మిది వందల యాభైల నడిమి మాట. అదే పెడనలో కలంకారీ అద్దకం చేసే మా మావయ్య ఇంట్లో ఆదివారం మధ్యాహ్నాలు చర్చా సంఘం కూడేది. దేవుడు లేడని నిరూపించడానికి వచ్చేవాళ్లు కూడా చెప్పులు గుమ్మం బయటే భక్తిగా విడిచేవారు. ఓటింగు మాత్రం మా ఊరి పద్ధతి. గోడకు తెల్లగుడ్డ కట్టి, ఔనంటే పువ్వు అచ్చు, కాదంటే ఆకు అచ్చు వేసేవాళ్లం.

ఆ వారం విషయం ట్రియెస్టే. ఇటలీకి, యుగోస్లావియాకు మధ్య ఉన్న రేవుపట్నం. యుద్ధం తర్వాత దాన్ని స్వతంత్ర నగరం చేస్తామన్నారు. గవర్నరు ఎవరన్నది తేలక ఏళ్లు గడిచాయి, చివరికి రెండు దేశాలూ పంచుకున్నాయి. అలా కాకుండా అక్కడి జనాన్నే ఓటు అడిగి ఉండాల్సిందా, కాదా? ఇదీ మేం ఓటు వేయాల్సిన ప్రశ్న. మావయ్య ప్రసంగంలో ఆ ఊరు ఎవరికీ చెందకుండా నిలిచింది. బడులు మూడు భాషల్లో నడిచాయి, సైనికుల బ్యారక్‌లు ఆసుపత్రులయ్యాయి, బందరు నుంచి మా దుప్పట్లు తీసుకెళ్లిన ఓడ సుంకం లేకుండా అక్కడ సరుకు దించింది. బందరు రేవులో ఓడ నిలిచేంత లోతు లేదని ఎవరూ గుర్తు చేయలేదు, అంత బాగుంది ప్రసంగం. అది రాసింది అత్తయ్య. రోజూ అద్దకం పని ముగిశాక పాత పేపర్లు ముందేసుకుని నెల రోజులు రాసింది. ఇప్పుడు వరండాలో కూర్చుని వింటోంది.

ఓట్లు సమానమయ్యాయి. అత్తయ్య లేచి లోపలికి వచ్చి పువ్వు అచ్చును రంగులో అద్దింది.

"నీకు సభ్యత్వం లేదు కదా," అన్నాడు మావయ్య, మెల్లగానే.

"రాసింది నేనేనండీ."

"నిబంధనలు ఉన్నాయిగా. వచ్చే సమావేశంలో చూద్దాంలే."

"ఆ ఊరివాళ్లకీ అదే చెప్పారటండీ, తర్వాత చూద్దామని."

ఎవరో నవ్వారు. వక్తా ఆయనే, అధ్యక్షుడూ ఆయనే కాబట్టి ఓట్లు సమానమైతే అధ్యక్షుడు వేసే రెండో ఓటు మావయ్య తన ప్రసంగానికే వేసుకున్నాడు. ట్రియెస్టే గెలిచింది. చప్పట్లు మోగాయి.

అత్తయ్య అచ్చు కడిగి దాని చోట పెట్టేసింది. మళ్లీ ఆ వరండాలో కూర్చోలేదు, మళ్లీ ఒక్క ప్రసంగమూ రాయలేదు. సంఘం మూతపడే దాకా ఆమె సభ్యత్వం మాట ఎవరూ ఎత్తలేదు. ఎత్తాల్సింది ఎవరు? నేను. ఓటున్న సభ్యుణ్ణి, తర్కం నేర్చినవాణ్ణి. ఒక్క వాక్యం సరిపోయేది, నోరు విప్పలేదు.

న్యాయాన్ని వాయిదా వేసినవాడికి కాలం ఇట్టే గడిచిపోతుంది. ఎదురుచూసినవాళ్లకు అదే జీవితమంతా అవుతుంది. మీ సంఘం నిబంధనల పుస్తకం ఇవాళే బయటికి తీయండి. బయట కూర్చున్న ఆమెను పేరడిగి, సభ్యుల పట్టీలో మీ చేత్తో రాయండి.