బార తగ్గిన తలతాడు

పోయిన వారం మనవరాలికి షటిల్ బ్యాటు కొనిద్దామని వెంట వెళ్లి, ఆటసామాన్ల దుకాణంలో ఒక మూలన నిలబెట్టి ఉన్న రెండు చేతుల గాలపు కర్రను చూసి అక్కడే ఆగిపోయాను. పక్కన గోడకు ఒక పట్టిక అంటించి ఉంది. ఏ నంబరు కర్రకు ఎంత బరువు దారం వేయాలో గళ్లు గళ్లుగా రాశారు. దుకాణంలో పనిచేసే అమ్మాయి, ఇది చూసుకుంటే చాలు తాతగారూ, తప్పు జరగదు అంది. ఆ ఒక్క సంగతి తేలక నేను పదిహేను రోజులు సరిగా అన్నం తినలేదని ఆ పిల్లకేం తెలుసు?

అప్పటికి నాకు మీసం సరిగా రాలేదు కానీ ఉద్యోగం వచ్చింది. ఆత్మకూరు దగ్గర కృష్ణ ఒడ్డున నది లోతు కొలిచే సర్వే క్యాంపులో టెంపరరీ గుమస్తాను. టెంపరరీ అంటే ఏమిటో మన ఈడువాళ్లకు విడమరచి చెప్పనక్కర్లేదు. జీపు చప్పుడు వినబడితే చాలు, ఏం తప్పు చేశానోనని రిజిస్టర్లన్నీ మళ్లీ తిరగేసేవాణ్ణి. క్యాంపు మీద అధికారి అయిన పెద్ద సారు నన్ను పర్మనెంటు చేయమని పైకి నాలుగు ముక్కలు రాస్తే బతికినట్టు, లేకపోతే మళ్లీ బాపుతో పడవలో కూర్చోవలసిందే. బాపు అంటే మా నాన్న, చేపలు పట్టేవాడు. అంతకంటే ఎక్కువగా, దారం పేనడంలో ఆయనకు పేరుండేది. గాలపు తాడు కావాలంటే అవతలి ఒడ్డు వాళ్లు కూడా పుట్టిలో నది దాటి మా ఇంటికి వచ్చేవారు.

పెద్ద సారు దగ్గర ఒక గాలపు కర్ర ఉండేది. ఆయన అన్నగారు విదేశంలో చదువుకున్నప్పుడు కొనుక్కున్నది. ఆ అన్నగారు పోయాక దాన్ని ఈయన పసిపిల్లలా గుడ్డసంచిలో చుట్టి దాచుకున్నారు. రెండున్నర నిలువుల పొడవు, సన్నని వెదురు బద్దలు అతికించి చేసింది, రెండు చేతులతో పట్టుకుని విసరాలి. కర్ర బాగానే ఉంది, దారమే చీకిపోయింది. మా ఒడ్డున వెనకంతా రాతిగుట్ట కనుక దారాన్ని వెనక్కి ఎగరేసి విసరడానికి జాగా లేదు. అందుకని ముందుభాగం పొట్టిగా, బరువుగా ఉండాలట, దాని వెనక సన్నని దారం ఉండాలట. కర్రను ఝాడిస్తే ఆ బరువే ముందుకు దూసుకుపోతూ సన్నదాన్ని లాక్కుపోతుందట. సారు ఆ ముందుభాగాన్ని ఇంగ్లీషులో హెడ్ అన్నారు, అంటే తల. తర్వాత బాపు నా నోట విని, తలతాడు అని పేరు పెట్టేశాడు. బరువు తక్కువైతే దారం కాళ్ల దగ్గరే కుప్పపడుతుంది, ఎక్కువైతే కర్ర విరుగుతుంది. ఎంత బరువో సారుకూ తెలియదు. మా బాపు చూసుకుంటాడు సార్ అని నోరు జారింది నేనే.

సైకిలు మీద ఆ కర్రను ఇంటికి తెస్తుంటే ప్రతి గుంతకూ ప్రాణం పోయి వచ్చింది. బాపుకు మాత్రం ఏ ఫికరూ లేదు.

"కట్టెనే అడుగుదాం బిడ్డా. ఎంత మోస్తదో అదే చెప్తది."

కర్రను వాకిట్లో అడ్డంగా కట్టి, కొసకు చిన్న గుడ్డమూట వేలాడదీసి, అందులో గురిగింజలు గుప్పెడు గుప్పెడు పోస్తూ పోయాడు. కొస వంగుతోంది. ఇంకా పోశాడు. ఎక్కడో కర్ర ముక్కలను కలిపే ఇత్తడి అతుకు దగ్గర కిర్రుమంది. నేను కళ్లు మూసుకున్నాను. బాపు వంగి కర్రకు చెవి ఆనించి విని, ఇంకో నాలుగు గింజలు వేసి ఆపాడు. గద్వాల నేతగాళ్ల దగ్గర తెచ్చిన పట్టుదారాన్ని పేని, అవిసె నూనె పట్టించి, నీళ్లలో ముంచి తీసి, కంసాలి త్రాసులో ఆ గింజలకు సరితూగేదాకా సరిచూశాడు. ఆరు బారల తలతాడు తేలింది. దాని తోకకు సన్నని దారాన్ని, అతుకు వేలికి తగలనంత నున్నగా కలిపి నా చేతిలో పెట్టాడు.

క్యాంపుకు తెచ్చాను కానీ ఆ కిర్రుమన్న చప్పుడు నా చెవుల్లోంచి పోలేదు. సారు విసురుతున్నట్టు, అన్నగారి కర్ర రెండు ముక్కలైనట్టు, నేను పెట్టె సర్దుకుంటున్నట్టు ఒకటే ఆలోచనలు. మర్నాడు మధ్యాహ్నం అందరూ తిని నడుం వాల్చిన వేళ, నా గదిలో తలుపు వేసుకుని తలతాడులో ఒక బార కోసేసి, మిగిలినదాన్ని సన్నదారానికి మళ్లీ ముడివేశాను. కోసిన ముక్కను పొయ్యిలో పడేశాను. పిరికివాడికి జాగ్రత్త ఎక్కువ కదా, అదేదో తెలివైన పని అనుకున్నాను.

ఆదివారం పొద్దున సారు బాపును కూడా ఒడ్డుకు పిలిపించారు. డ్రైవరూ, కొలత గొలుసు పట్టే చెయిన్‌మన్లూ అందరూ చేరారు. సారు కోడి ఈకలు కట్టిన గాలం తగిలించి, రెండు చేతులా కర్ర ఝాడించారు. దారం సగం దూరం పోయి నీళ్ల మీద కుప్పగా పడింది. మళ్లీ విసిరారు, మళ్లీ అంతే. అవతల మడుగులో వాలుగలు ఎగురుతున్నాయి, అక్కడిదాకా మాత్రం చేరడం లేదు. డ్రైవరు మొహం తిప్పుకుని నవ్వాడు.

"ఏమైంది పెద్దాయనా, లెక్క తప్పిందా?" అని సారు మెల్లగానే అడిగారు.

బాపు దారాన్ని దగ్గరికి లాక్కుని వేళ్ల మధ్య జరుపుకుంటూ వచ్చాడు. ముడి దగ్గర వేళ్లు ఆగాయి. ఎవరి ముడి వారిదే, చేతిరాత లాగా. ఆ ముడి నాకు నేర్పింది ఆయనే. ఒకసారి నా వైపు చూశాడు. చెప్పు, చెప్పు అని నా లోపల ఎవరో అరుస్తున్నా, నేను తల వంచుకుని కర్ర సంచి మడతపెట్టసాగాను.

"నా అంచనే తప్పింది సారూ. జర మాఫ్ చెయ్యుండ్రి" అన్నాడు బాపు.

సారు మంచివారు, పల్లెత్తు మాట అనలేదు. కర్రను సంచిలో చుట్టి మళ్లీ తీయలేదు. నెల తిరక్కుండా నన్ను పర్మనెంటు చేయమని రాశారు కూడా. కానీ డ్రైవరు నోట ఆ కథ సంతల్లో తిరిగింది. దారం కోసం వచ్చేవాళ్లు ఇద్దరు ముగ్గురై, ఆ తర్వాత ఎవరూ రాక, బాపు పేనడం మానేశాడు. ఆ ముడి సంగతి ఆయన చివరిదాకా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

ఆనకట్ట కట్టాక ఇప్పుడు ఆ రాతిగుట్ట సగం నీళ్ల కింద ఉంది. పేనిన దారం కావాలని అడిగేవాడు లేడు, చేతితో తడిమి ఇది ఫలానావాడి పని అని చెప్పేవాడూ లేడు. అన్నీ అచ్చు ఒకేలా, దేని మీదా ఎవరి గుర్తూ లేకుండా వస్తున్నాయి. అలాంటి చేతి పని మన కళ్ల ముందే పోయిందని మనవాళ్లంతా బాధపడుతుంటారు. నేనూ వాళ్లతో కలిసి తల ఊపుతాను. బాపు ఎందుకు మానేశాడని ఎవరడిగినా, నైలాను వచ్చింది కదా, అందుకే అని ఇన్నేళ్లూ చెబుతూ వచ్చాను.

నైలాను మా ఊరికి వచ్చింది ఆయన మానేసిన రెండేళ్లకు.