లేసియేలిని మెచ్చుకుంటూ రాసిన ఉత్తరం

మా తమ్ముడి బిడ్డ లేసియేలి కోసం న్యూజిలాండ్‌కు ఒక ఉత్తరం రాసిమ్మంటే, నా జన్మలో ఎవరికీ రాయనంత మంచి ఉత్తరం రాశాను. ఆ ఉత్తరంతోనే దాని కొంప ముంచబోయాను.

లేసియేలి మగపిల్లాడిగా పుట్టింది. ఆరేళ్ళకే మా ఆడవాళ్ళ మధ్య దుంగ ముందు కూర్చుని, కొయ్య సుత్తితో చెట్టు బెరడు సాగగొట్టి బట్ట చెయ్యడం నేర్చింది. అలాంటివాళ్ళను మా టోంగా దీవుల్లో లేయితి అంటారు. పెళ్ళికి పూలు గుచ్చాలన్నా, చర్చి పాటలవాళ్ళకు గౌన్లు కుట్టాలన్నా, పెద్దల చావుకు పరిచే బెరడు బట్ట మీద ముగ్గులు దిద్దాలన్నా లేయితి కావాలి. పని అయిపోయాక వెనకనుంచి ఈలలు వేస్తాం. మా ముద్దు అంతవరకే. ఈ మాట ఒప్పుకోవడానికి నాకు అరవై మూడేళ్ళు పట్టింది.

మూడేళ్ళ కిందట గౌను వేసుకుని చర్చికి వచ్చిందని సొంత అన్న సితలేకి దాన్ని నడిరోడ్డు మీద కొట్టాడు. దవడ విరిగింది. ఆసుపత్రిలో దవడకు రేకు వేసి, మగవాళ్ళ గదిలో పడుకోబెట్టారు. పక్క మంచాలవాళ్ళు దుప్పటి లాగి చూశారు. రెండో రోజే చేతికి గుచ్చిన సూది పీకేసుకుని ఇంటికి నడిచొచ్చింది. ఇక దాని ఒంటికి ఆడతనం తెచ్చే మాత్రలంటారా, ఆక్లండ్‌లోని స్నేహితురాలు పాత బట్టల మూటల్లో పెట్టి పంపేది. ఎన్ని వేసుకోవాలో చూసి చెప్పే డాక్టరు ఇక్కడ దొరకలేదు. ఆ మాత్రలు వికటించి నిరుడు కాలు వాచి నల్లబడింది. అప్పుడు చెప్పింది నాతో, "చావాలంటే ఇక్కడే హాయి అత్తా. నాకు బతకాలనుంది, పోతున్నా" అని.

ఆక్లండ్‌లో ఒక లాయరమ్మ సాయానికి ఒప్పుకుంది. వెళ్ళగానే అక్కడి ప్రభుత్వానికి రక్షణ అడుగుతూ అర్జీ పెట్టాలి. దానికి ఊళ్ళో కళ్ళారా చూసినవాళ్ళెవరైనా జరిగింది జరిగినట్టు రాసివ్వాలి. బళ్ళో ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పినదాన్ని, నా చేతిరాతకు పేరుంది. కూర్చుని రాశాను. లేసియేలి మా ఊరికి కంటి వెలుగన్నాను. దాన్ని పల్లెత్తు మాట అన్నవాళ్ళు లేరన్నాను. అన్న ప్రాణంగా చూసుకుంటాడని కూడా రాశాను. ఇంటికి ఎవరైనా వస్తే చిరిగిన చాప దాచేసి మంచి చాప పరుస్తాం కదా, కాగితం మీదా అదే చేశాను.

వారం తిరిగాక ఆ ఉత్తరం పట్టుకుని బెరడు కొట్టే పాకలోకి వచ్చింది. ఎనిమిదిమందిమి పనిలో ఉన్నాం.

"అత్తా, లాయరమ్మ ఏమందో తెలుసా? ఇంత బాగా చూసుకునే ఊరైతే నేనే వచ్చి ఉంటా, నువ్వెందుకొస్తున్నావు అంది."

మా అందరికీ పెద్దావిడ సినీవా పకపకా నవ్వింది. "రమ్మనవే! దుంగ దగ్గర ఒక మనిషి తక్కువైంది."

"నవ్వకు సినీవమ్మా. నా దవడలో వేసిన రేకు సంగతి ఈ కాగితంలో ఎక్కడుందో చూపించు."

నాకు ఒళ్ళు మండింది. "ఊరి పరువు తీసుకెళ్ళి పరాయివాళ్ళ చేతిలో పెట్టమంటావా? రేపు మీ అన్న మొహం ఎక్కడ పెట్టుకుంటాడే?"

"వాడి మొహానికేం అత్తా, నిక్షేపంగా ఉంది. పగిలింది నాది."

సుత్తులన్నీ ఆగిపోయాయి. అది మాత్రం నా పక్కన చతికిలబడి సుత్తి అందుకుంది. "ఆ రోజు రోడ్డు మీద నా పళ్ళు ఏరింది నువ్వే. ఇంకెవర్నడగను? నువ్వు రాసేదాకా ఇక్కణ్ణుంచి లేవను" అని కొట్టడం మొదలెట్టింది. మధ్యాహ్నం అందరూ తినడానికి లేచారు, అది లేవలేదు. పొద్దు వాలేదాకా అలాగే కొట్టింది.

నాకు సిగ్గేసింది. ఆ రెండు పళ్ళూ ఇంకా నా పెట్టెలో ఉన్నాయి. ఇంటికి తీసుకెళ్ళి అన్నం పెట్టి, దాని ఎదురుగానే కొత్త ఉత్తరం రాశాను. సితలేకికి కబురు పంపాను. మేనత్త పిలిస్తే రానంటే మా దగ్గర కుదరదు.

ఇంకో సంగతి చెప్పాలి. మా దగ్గర అక్కచెల్లెళ్ళు కూర్చున్న గదిలోకి అన్నదమ్ములు అడుగుపెట్టరు. గుమ్మంలోంచే వెనక్కి తిరుగుతారు. ఆడపడుచుకిచ్చే గౌరవం అది. సితలేకి మాత్రం లేసియేలి ఉన్న గదిలోకి దర్జాగా వచ్చి కాళ్ళు చాపుకుని కూర్చునేవాడు. ఆ సాయంత్రమూ అంతే. వచ్చి చాప మీద వాలి, "ఏరా, గౌను కొత్తదా?" అన్నాడు.

నేను ఉత్తరం చదివి వినిపించాను. చర్చి, రోడ్డు, దవడ, పళ్ళు, వాడి పేరు.

"నన్ను జైల్లో వేయిస్తావా అత్తా?"

"నీ మీద కేసు కాదన్నా" అంది లేసియేలి. "నాకు చోటివ్వమని అడగడానికి. కింద నీ సంతకం కూడా కావాలి."

"పెట్టకపోతే?"

"పెట్టకపోయినా పోతా. అత్త సంతకం ఉందిగా. కొట్టానని మా అన్న ఒప్పుకున్నాడని చెప్పుకోవాలని ఆశ, అంతే."

సితలేకి దాని దవడ మీది మచ్చ వంక చూశాడు. లేచాడు. తల వంచుకుని, వెన్ను చూపకుండా వెనక్కి నడుస్తూ గుమ్మం దాటి, వాకిట్లో నేల మీద కూర్చున్నాడు. కాసేపటికి గొంతు వినపడింది.

"అత్తా, ఆ కాగితం ఇలా తీసుకురా."

నేను తీసుకెళ్ళాను. మోకాలి మీద పెట్టుకుని సంతకం చేశాడు. లోపలికి వచ్చేసరికి లేసియేలి వెక్కివెక్కి ఏడుస్తోంది.

"ముప్పై ఒక్క ఏళ్ళలో ఇదే మొదటిసారి అత్తా, నేనున్నానని వాడు బయట కూర్చోవడం."

నా పాడు మనసు వెంటనే ఆశపడింది. దాని తల నిమురుతూ, "ఇంకేం తల్లీ, ఉండిపోరాదా?" అన్నాను.

లేసియేలి కళ్ళు తుడుచుకుని, కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది.

"శుక్రవారం విమానం అత్తా. నా కాలు ఇంకా వాచే ఉంది."